వీపు మీద నాడె

ముందే చెబుతున్నాను, ఈ సంగతి మొదలుపెడితే నేను ఆగను. టీ కొట్టు దగ్గర ఎవరైనా పట్టపగలు ఆవలిస్తే చాలు, వెళ్లి పక్కన కూర్చుంటాను. "రాత్రి ఎల్లెల్కల పంటవా, పక్కకు పంటవా?" అని అడుగుతాను. ఎల్లెల్కల అంటే వెల్లకిలా. గద్వాలలో మా వీధివాళ్లు ఇప్పుడు నన్ను చూస్తే ఆవలింత మింగేస్తున్నారు. మింగనీ. మూడు నెలల్లో నేను గెలిచినట్టు వాళ్లు గెలిచుంటే వాళ్లు కూడా ఊరుకోరు, మైకు పెట్టి చెప్తారు.

మేము నేతవాళ్లం. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచు పట్టు. ఈ రెండింటినీ తర్వాత కలిపి కుట్టరు, నేస్తూనే కలుపుతారు. ఒంటి దారం, అంచు దారం ప్రతి వరుసలోనూ ఒకదానిలో ఒకటి మెలిపడాలి. దాన్ని మేము కుప్పడం అంటాం. అందుకే ఆ మగ్గం ఒక్కరితో నడవదు. నేను గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఒంటి నాడె విసురుతాను. నా కుడిపక్క పీట మీద కూర్చుని నా భార్య అంచు నాడె అందిస్తుంది. నాడె అంటే దారపు కండెను కడుపులో పెట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి పోయి వచ్చే జానెడు కొయ్య. పెళ్లయిన నాటి నుంచీ మేము ఒకరికొకరం దాన్నే అందించుకుంటున్నాం. మాట్లాడుకోని రోజులున్నాయి గానీ నాడె అందించుకోని రోజు లేదు.

ఇద్దరి చేతులూ పడే పనిలో తప్పు జరిగితే ఎవరిదో చెప్పడం కష్టం. నాకు మాత్రం ఎప్పుడూ కష్టంగా అనిపించలేదు. తప్పు ఆమెదే.

ఆ రోజు మగ్గం మీద పసుపు ఒంటికి ఎర్ర అంచున్న పెళ్లిచీర ఉంది. మూరెడు నేసి చేత్తో తడిమితే అంచుకూ ఒంటికీ మధ్య చిటికెనవేలు దూరేంత సందు తగిలింది. అలాంటిది ఆ నెలలో మూడోసారి. తల తిప్పి చూద్దును కదా, మా ఆవిడ నాడె ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పళంగా నిద్రపోతోంది. గడ్డం గుండెకు ఆనింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏమే, మగ్గం మీద నిద్రేందే? రాత్రంత ఏం జేస్తున్నవ్?" అని అరిచాను.

ఆమె ఉలిక్కిపడలేదు. కళ్లు తెరిచి, నాడె తీసి పక్కన పెట్టి, నెమ్మదిగా చెప్పింది. "నీ ఊపిరికి కావలి గాస్తున్న."

నాకు అర్థం కాలేదు. ఆమె లేచి లోపలికి వెళ్లి ఫోన్ తెచ్చింది. మూడు రాత్రుల కింద నా దిండు పక్కన పెట్టి రికార్డు చేసిందట. చూపిస్తే కొట్లాటకు వస్తానని దాచింది. నేను గురక పెట్టనని ఏళ్ల తరబడి ఆమెతో వాదిస్తూ వచ్చినవాణ్ణి మరి. గురివింద తన నలుపు ఎరగదని ఊరికే అనలేదు.

మొదట గురక వినిపించింది. తగరపు రేకు మీద ఇటుక లాగినట్టుంది. అది నాది కాదని అనబోయాను. అంతలో గురక ఆగిపోయింది. ఫోన్ చెడిపోయిందేమో అనుకున్నాను గానీ వెనక మా గోడ గడియారం టిక్కుటిక్కుమంటూనే ఉంది. గడియారం నడుస్తోంది, నేను నడవడం లేదు. చాలాసేపటికి గాజుల చప్పుడు, ఆ వెంట ఆమె గొంతు. "లెయ్... ఓ అయ్యా, లెయ్. జర ఊపిరి తీస్కో." నీళ్లలోంచి బయటికి లాగిన మనిషిలా ఎవరో గుటకలేసి గాలి పీల్చారు. ఆ ఎవరో నేనే. మళ్లీ గురక, మళ్లీ ఆగడం, మళ్లీ ఆమె గాజులు. అలా ఎంతసేపు విన్నానో తెలియదు.

"ఎప్పటికెల్లి గిట్ల?" అని అడిగాను.

"పెద్దపిల్ల పెండ్లయినకాడికెల్లి. నాలుగేండ్లాయె. నువ్వు ఆగినప్పుడల్ల మోచేతితోటి పొడుస్త. పొడిస్తె పక్కకు తిరుగుతవ్. మల్ల ఊపిరాడతది. జరసేపటికి మల్ల ఎల్లెల్కల పడ్తవ్. నేను పంటె, పొడిచేటోళ్లెవరు?"

నాలుగేళ్లు. నేను మగ్గం మీద కునుకు తీసినప్పుడల్లా దాన్ని వయసు అనుకున్నాను. ఆమె కునికితే బద్ధకం అన్నాను. ఒకే మగ్గం మీద ఇద్దరం నిద్రలేక తూలుతూ పెళ్లిచీరలకు సందులు పెడుతున్నాం, నేనేమో లెక్కంతా ఆమె ఖాతాలో వేస్తున్నాను. నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నేను చేసే పని ఒకటే, ఇంకా గట్టిగా అరవడం. "రేపే దవాఖానకు పోదాం!" అని అరిచాను.

వనపర్తిలో ముక్కు, చెవి, గొంతు చూసే డాక్టరమ్మ ఉందని ఎవరో చెబితే బస్సెక్కాం. మా ఆవిడ ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ తీసుకుని కిటికీ పక్కన కూర్చుంది. నేను ఎర్రవల్లి చౌరస్తా కూడా చూడలేదు, నిద్రపోయాను. బీచుపల్లి వంతెన మీద మోచేత్తో పొడిచి లేపింది. కొంగు ముడి విప్పి రూపాయి తీసి, కళ్లు మూసుకుని ఏదో అనుకుని, కిటికీలోంచి కృష్ణలోకి విసిరింది. నది దాటేటప్పుడు అలా వేయడం మా వైపు అలవాటు. కృష్ణ దగ్గరి అమరచింతలో పుట్టిన పిల్ల కాబట్టి కృష్ణమ్మ మీద ఆమెకు హక్కు ఎక్కువ. "ఏం మొక్కినవ్?" అన్నాను. చెప్పలేదు. పెబ్బేరు వచ్చేసరికి నేను మళ్లీ నిద్రలో ఉన్నాను. ఆ రోజు పశువుల సంతట. ఎద్దులు, బర్రెలు, తోలుకొచ్చినవాళ్లు రోడ్డంతా నిండిపోయి బస్సు అరగంట ఆగిందట. నాకేమీ తెలియదు.

డాక్టరమ్మ మా పెద్దపిల్ల ఈడుది. రికార్డింగు మొత్తం విని, నోట్లో లైటు వేసి చూసి, ఒక చిన్న పరికరం ఇచ్చింది. వేలికి ఒక క్లిప్పు, ముక్కు కింద ఒక గొట్టం, ఛాతీకి ఒక పట్టీ కట్టుకుని ఒక రాత్రి ఇంట్లోనే పడుకుని తిరిగి తెచ్చివ్వాలి. తెచ్చిచ్చాం. గంటకు పందొమ్మిది సార్లు ఊపిరి ఆగుతోందని లెక్క వచ్చింది. దాని పేరు స్లీప్ ఆప్నియా. మా ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపులో గెలుపు లేదు, భయమే ఉంది. "పానం పోతదా డాక్టరమ్మా?" అని అడిగింది.

"ఇట్లనే వదిలేస్తే బీపీ పెరుగుతుంది, గుండెకు మంచిది కాదు. పగలు నిద్ర తూలి బండి నడిపితే ఇంకా ప్రమాదం. కానీ వదిలేయం కదమ్మా" అంది ఆమె.

ముందు గాలి మిషన్ ఇచ్చింది. రాత్రంతా మూతికి తొడుక్కుంటే గాలి ఊదుతూ గొంతు తెరిచి ఉంచుతుంది. వారం రోజులు పెట్టుకు చూడమంది. నేను రెండు రాత్రులు పెట్టుకున్నాను. రెండు రాత్రులూ నిద్రలోనే పీకి అవతల పారేశాను. మాస్కు తిరగేసి పెట్టుకుని మిషన్‌ను తిట్టానని మా ఆవిడ సాక్ష్యం చెప్పింది. మిషన్ తిరిగి తీసుకెళ్లి ఇచ్చి, ఆపరేషనేమైనా ఉంటుందా అంటే, నా గొంతుకు దానివల్ల పెద్దగా లాభం లేదంది డాక్టరమ్మ. మరేం చేయాలి? ఆమె కాగితం తిప్పి గీతలు చూపించింది.

"ఇది చూడండి. మీకు ఊపిరి ఆగేది దాదాపు అంతా వెల్లకిలా పడుకున్నప్పుడే. నాలుక వెనక్కి జారి దారి మూసేస్తోంది. పక్కకు తిరిగితే తెరుచుకుంటోంది. అందరికీ ఇట్లా ఉండదు, మీ అదృష్టం. మూడు నెలలు మిషన్ లేకుండా చూద్దాం. వెల్లకిలా పడుకోవద్దు. బరువు తగ్గాలి. రాత్రి కల్లు బంద్. నాలుకకు, గొంతుకు కసరత్తు నేర్పిస్తాను, రోజూ చేయాలి. మూడు నెలలకు మళ్లీ పరీక్ష. తగ్గకపోతే మిషనే, మాట్లాడకుండా పెట్టుకోవాలి. జబ్బు ముదిరినవాళ్లకు ఆ మిషనే ప్రాణం, దాన్ని తిట్టకండి."

"పెట్టుకుంటడు. తగ్గకపోతె నేను మీద గూసొని పెట్టిస్త" అంది మా ఆవిడ.

నాకు మాత్రం పందెం కాసినట్టయింది. బీచుపల్లి దాకా ఒక్క కునుకు తీయకుండా కూర్చున్నాను, అంత హుషారు!

వెల్లకిలా పడుకోకుండా ఉండాలంటే బనీను వెనక జేబు కుట్టి టెన్నిస్ బంతి పెట్టుకోవాలట. మా ఆవిడ బంతి కొనిపించి కుట్టింది. నిద్రలో అది చంకలోకి జారిపోయింది, నేను హాయిగా వెల్లకిలా పడుకున్నాను. మర్నాడు ఖాళీ కండెలు నాలుగు పెట్టింది. అవి తెల్లారేసరికి నా బరువుకు నలిగి పుల్లలయ్యాయి. మూడో రోజు ఆమె ఏమీ అనకుండా అటక ఎక్కింది. మా నాయన వాడిన నాడె దించింది. తుమ్మకర్రది, నున్నగా అరిగింది, రెండు చివరలా ఇనుప మొనలున్నది. మొనలు పీకించి, రాతి మీద రుద్ది, వెన్నుపూస మీద నిలువునా వచ్చేట్టు పాత బనీనులో కుట్టేసింది.

"ఇప్పుడు పండు" అంది.

పడుకున్నాను. ఎంత రాత్రప్పుడో తెలియదు, వెల్లకిలా తిరగబోయాను. మా నాయన బతికుండగా కునికితే వీపు మీద ఒక్కటిచ్చేవాడు. సరిగ్గా అక్కడే తగిలింది. చటుక్కున పక్కకు తిరిగాను. పొద్దున లేచాక నాకు ముందుగా తెలిసింది తలనొప్పి లేదని. రోజూ లేవగానే ఉండే తలనొప్పి. అది అందరికీ ఉంటుందని అనుకునేవాణ్ణి! లేచి మంచం మీద కూర్చుని నోరు తెరిచి నవ్వాను. "అయిందా పిచ్చి?" అంది మా ఆవిడ. ఆమె కళ్లు ఎర్రగానే ఉన్నాయి. నాడె మీద ఆమెకు ఇంకా నమ్మకం కుదరలేదు. ఆ రాత్రి కూడా పడుకోలేదు.

కల్లు మానడం గురించి ఎక్కువ చెప్పను, నాకు బాధ. సాయంత్రమైతే కాళ్లు వాటంతటవే తాటిచెట్ల వైపు తిరిగేవి. వాటిని ఊరి కోట గోడల వైపు మళ్లించి నడిపించడం మొదలుపెట్టాను. మొదట్లో ఒక్క చుట్టుకే ఆయాసం. నెల తిరిగేసరికి రెండు చుట్లు, లుంగీ ముడి జారడం మొదలైంది. అన్నం పళ్లెం మా ఆవిడే చిన్నది మార్చింది, నన్నడగలేదు. మగ్గం మీద నాకు కునుకు రావడం మానింది. తర్వాతి పెళ్లిచీరలో కుప్పడం ఎక్కడా సందు లేకుండా కుదిరింది. ఎంత తడిమినా తప్పు దొరకలేదు. ఆమె వేసిన వైపు కూడా తడిమాను, అలవాటు.

గొంతు కసరత్తుల్లో నాలుకను అంగిలికి నొక్కిపట్టడం, బుగ్గలు పూరించడం, ఆ, ఓ అని సాగదీయడం ఉన్నాయి. చేస్తుంటే పిల్లలు గుమిగూడి చూసేవారు. అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను? ఊదడం గొంతుకు బలమైతే శంఖం ఊదితే ఇంకెంత బలం అని నాకు తట్టింది. ఇది డాక్టరమ్మ చెప్పింది కాదు, నా సొంత తెలివి. మా పక్క వీధిలో నామాలు పెట్టుకునే దాసరి తాత ఉన్నాడు. ఎవరైనా పోతే పాడె ముందు శంఖం ఊదుతూ నడిచేది ఆయనే. ఇంట్లో రెండో శంఖం ఉందని అడిగి తెచ్చుకున్నాను. "ఇండ్లల్ల ఊదేది కాదు బిడ్డా, గిది" అన్నాడు ఆయన. "నాకు గొంతు గావాలె తాతా, శకునంతోటి నాకేం పని" అన్నాను.

రోజూ తెల్లారకముందే డాబా మీదికెక్కి ఊదేవాణ్ణి. తొమ్మిది రోజులు తుస్సుమనే గాలి తప్ప ఏమీ రాలేదు. నవ్వుకోవడానికి కూడా ఎవరూ లేచేవారు కాదు. పదో రోజు తెల్లవారుజామున ఏమైందో, పెదవులు కుదిరాయి. శంఖం పలికింది! అబ్బా, ఆ సంతోషం ఏం చెప్పను! నా ఛాతీలో అంత గాలి ఉందని నాకే తెలియదు. ఇంకోసారి ఊదాను. మూడోసారి వీధి దద్దరిల్లేలా ఊదాను.

మా వీధిలో తెల్లారకముందే శంఖం వినిపించిందంటే అర్థం ఒకటే. చూస్తుండగానే ఇళ్లలో లైట్లు వెలిగాయి. ఎదురింటాయన తువ్వాలు భుజాన వేసుకుని, ముఖం వేలాడేసుకుని మా వాకిట్లోకి వచ్చాడు. వెనకాల ఇద్దరు ఆడవాళ్లు ముక్కులు చీదుతూ వచ్చారు. నా గురక, దవాఖాన సంగతి వీధంతా తెలుసు కదా, ఎవరు పోయారని అడగాల్సిన పని వాళ్లకు లేకపోయింది. నేను పైనుంచి వంగి చూసి, "ఏందన్నా, పొద్దుగాల్నే?" అన్నాను. ఎదురింటాయన అక్కడే చతికిలబడ్డాడు. నాకు నవ్వు ఆగలేదు. డాబా గోడ పట్టుకుని నవ్వుతున్నాను.

మెట్ల మీద పరుగు వినిపించింది. మా ఆవిడ. జుట్టు ముడి ఊడిపోయింది, కాళ్లకు చెప్పుల్లేవు. నన్ను చూసి ఆగింది. దగ్గరికి వచ్చి నా వీపు మీద, సరిగ్గా నాడె ఉన్నచోట, రెండు చేతులతో కొట్టింది. నాడె ఆమె చేతికే తగిలి ఉంటుంది, అయినా ఆపలేదు.

"నాలుగేండ్ల సంది ఒక్క దినం కండ్లు మూసుకున్న" అంది. "నాడె ఉన్నది గదా అని నిన్న రాత్రి పన్న. శంఖం సప్పుడుకు తెలివొచ్చింది. పక్కన జూస్తె నువ్వు లేవు. తొమ్మిది దినాలు పలకనిది ఇయ్యాల పలుకుతదని నాకేమెరుక? నేనేమనుకోవాలె? నేను పన్న రాత్రే పోయినవనుకున్న."

నా నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. వీధంతా నా చావు విని పరుగెత్తుకొచ్చింది. ఆమె మాత్రం తన నిద్ర నన్ను చంపిందనుకుని పరుగెత్తుకొచ్చింది. నాలుగేళ్లకు ఒకసారి దొరికిన నిద్రను నేనే ఊది చెడగొట్టాను. ఆమెను పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. తప్పు నాదే అని అన్నాను. ఆ మాట పెళ్లయ్యాక మొదటిసారి అన్నానని ఆమె తర్వాత చాలామందికి చెప్పింది.

ఇంతలో ఎవరు ఫోన్ చేశారో, అమరచింత నుంచి మా బామ్మర్ది జూరాల డ్యాం మీదుగా బండి మీద వచ్చేశాడు, చేతిలో ఇంత లావు బంతిపూల దండతో. నేను అరుగు మీద టీ తాగుతున్నాను. అతను దండను వీపు వెనక దాచుకుని, "బావా, బాగున్నవా?" అన్నాడు. ఆ ప్రశ్న అంత మనసారా నన్ను ఎవరూ అడగలేదు. దండ దేవుడికి పనికిరాదు, నాకు అసలే వద్దు. మా ఆవిడ తీసుకెళ్లి పక్కింటి మేకకు వేసింది.

ఆ తర్వాత శంఖం ఊదాలంటే నది ఒడ్డుకు పోయి ఊదుతున్నాను. మళ్లీ నాడె మీద నమ్మకం కుదరడానికి ఆమెకు చాలా రోజులు పట్టింది. నిద్ర పట్టినట్టే పట్టి, చేయి చాచి నా వీపు తడిమేది. పక్కకు తిరిగే ఉన్నానని తెలిశాక చేయి తీసేది. ఇదివరకటిలా పొడవడం మాత్రం మానింది.

మూడు నెలలు నిండాక వనపర్తి వెళ్లి పరికరం తెచ్చుకుని, ఒక రాత్రి కట్టుకుని పడుకున్నాను. మర్నాడు తెచ్చిచ్చి డాక్టరమ్మ ఎదుట కూర్చున్నాం. మా ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. నేను మగ్గం తొక్కినట్టు కింద పాదాలు ఆడిస్తున్నాను. డాక్టరమ్మ కాగితం చూసి, మళ్లీ చూసి, నవ్వింది. పందొమ్మిది ఆరయింది. ఆరు! నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. చొక్కా పైకెత్తి, ఇందుకోసమే తొడుక్కొచ్చిన బనీనులో నాడె చూపించాను. ఆమె దాన్ని వేలితో తట్టి చూసి, "ఇది తీయకండి. నడక ఆపకండి. బరువు పెరిగినా, మళ్లీ కల్లు మొదలుపెట్టినా అది తిరిగొస్తుంది. ఏడాదికోసారి వచ్చి చూపించుకోండి" అంది. శంఖం సంగతి చెబితే మాత్రం చాలాసేపు నవ్వింది.

బయటికొచ్చి మిర్చి బజ్జీలు తినబోతే మా ఆవిడ చేతి మీద కొట్టింది. బస్సెక్కాం. ఆమెకు కిటికీ సీటు. కొంగు ముడి విప్పి రూపాయి తీసి ముందే పిడికిట్లో పట్టుకుంది, బీచుపల్లి ఇంకా ఎంతో దూరం ఉండగానే. నేను ఎడతెగకుండా మాట్లాడుతున్నాను. పందొమ్మిది, ఆరు, టీ కొట్టు, ఎవరెవరికి చెప్పాలో అన్నీ చెబుతున్నాను. పెబ్బేరు దాటాక జవాబు రాలేదు. చూస్తే ఆమె తల నా భుజం మీదికి వాలింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. నేను ఇంత నిద్ర ఎప్పుడూ చూడలేదు. బస్సు గుంతలో పడి ఎగిరినా కదలలేదు. నేను పక్కనే ఉన్నాను, చేయి చాచి నా వీపు తడమలేదు.

వంతెన వచ్చింది. లేపుదామని మోచేయి ఎత్తి దించేశాను. పిడికిలి వదులై రూపాయి ఆమె ఒళ్లోకి జారింది. దాన్ని తీసి, ఆమె మీదుగా చేయి చాచి, కిటికీలోంచి కృష్ణలోకి విసిరాను. ఏం మొక్కాలో నాకు తెలియలేదు. ఆమె మొక్కింది తీరిందని మాత్రం అన్నాను.

ఎర్రవల్లి చౌరస్తాలో కండక్టరు కేకకు లేచి, చేతిలోకి చూసుకుని, కిటికీలోంచి చూసింది.

"నది దాటినమా? నన్నెందుకు లేపలే?"

"నాలుగేండ్లు నువ్వు నన్ను లేపినవ్" అన్నాను. "గద్వాల ఇంక దూరమున్నది, పండు."

ఆమె మళ్లీ తల వాల్చింది.